వివాదగ్రస్తులైన వైద్యుల చరిత్రలు

వైద్యపరిశోధకుల జీవితచరిత్రలను నిష్పక్షపాతముగా వ్రాయుట యెట్లు అను ప్రశ్న నేడు పండితులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. చేవెళ్లలో బస్సుకొఱకు వేచియున్న రైతును, మొయినాబాదు పఠనమందిరమున కూర్చున్న విద్యార్థియు ఒక వైద్యుని పేరు చెవిని బడిన తోడనే జేబులోని ఫోనును తీసి యాతని చరిత్రను చదువుచున్నారు. చదివి ఊరకుండుట లేదు. మందు మ్రింగవలయునా మానవలయునా, బిడ్డకు టీకా వేయింపవలయునా వలదా యని ఆ చదువునుబట్టియే నిశ్చయించుకొనుచున్నారు. కావున ఆ చరిత్రలోని మొదటి వాక్యమున నేమున్నది, ఏ విశేషణము ముందు నిలిచినది, ఏ సంగతి తుదకు త్రోయబడినది యను విషయము పఠనాభిరుచికి సంబంధించినది కాదు, ప్రాణములకు సంబంధించినది.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును వెలువరింప బూనినప్పుడు వ్యాసములోని తప్పొప్పులకు ఉత్తరవాది యెవ్వరో పాఠకునకు తెలిసియుండెను. తప్పు కనబడిన యెడల పంతులుగారికి జాబు వ్రాయవచ్చును. నేటి సర్వస్వమగు వికీపీడియాకు అట్టి యొక్క సంపాదకుడు లేడు. ఎవ్వరైనను వ్రాయవచ్చును, ఎవ్వరైనను దిద్దవచ్చును. 2001లో ఇంగ్లీషున నారంభమై, 2003 డిసెంబరు నుండి తెలుగునను నడచుచున్న ఆ గ్రంథమునకు తటస్థదృష్టి యనునది మూలనియమములలో నొకటి. నియమము మంచిదే. దానికి అర్థమేమి యన్నచోటనే కలహము. వివాదములో చిక్కిన వైద్యుని చరిత్ర యెక్కడ నున్నను అక్కడ రెండు సేనలు నిలిచియున్నవి. ఆయన అభిమానులు "రెండు పక్షములను సమానముగా చెప్పుడు, అదియే తటస్థత" యందురు. విరోధులు "ఆయన దోషి యని తేలినది, ఆ మాటనే శిరస్సున వ్రాయుడు" అందురు. మన దేశములో మూడవ సేన యొకటి కలదు. "మనవాడైన పొగడుడు, పరాయివాడైన తెగడుడు, అదియే దేశభక్తి" యని వారి వాదము.

ఈ మూడు వాదములును మాకు సమ్మతములు కావు. తటస్థుడనగా తటమున నిలిచినవాడు. ఒడ్డున నిలిచినవానికి నీటి లోతు స్పష్టముగా కనబడవలయును గాని, ఇటువారు మోకాలిబంటి యనిరి, అటువారు తలమున్కలనిరి, కావున నడుము లోతని చెప్పువాడు తటస్థుడు కాడు. వానిని నమ్మి దిగినవాడు మునుగును. వకీళ్లమగు మాకు ఈ సంగతి నిత్యానుభవములోనిది. న్యాయాధిపతి వాదిప్రతివాదులకు సమానముగా మాటాడుటకు అవకాశమిచ్చును. సాక్ష్యమును మాత్రము సమానముగా తూచడు. ఏది యెంత బరువో అంతయే తూగవలయును.

హైదరాబాదునకే చెందిన యొక కథను తీసికొందము. ఎడ్వర్డు లారీ యను ఆంగ్లేయ వైద్యుడు రెసిడెన్సీ సర్జనుగాను, నిజాము ప్రభుత్వపు వైద్యపాఠశాలకు ప్రధానాధ్యాపకుడుగాను ఉండెను. క్లోరోఫారము శస్త్రచికిత్సలో వాడుకకు వచ్చి యప్పటికి నలువదేండ్లు గడచెను. దానిచే రోగికి నొప్పి పోయెను. అప్పుడప్పుడు ప్రాణమును పోవుచుండెను. ఎట్లు పోవుచున్నది? గుండె హఠాత్తుగా నిలుచుటచేతనని లండను వైద్యులలో పెక్కురనిరి. ఊపిరి ముందుగా ఆగును, గుండె ఆ తరువాత ఆగును, కావున నాడిని గాక శ్వాసను కనిపెట్టియుండుడని ఎడింబరో సంప్రదాయమువారనిరి. లారీ ఎడింబరోలో సైము అను శస్త్రవైద్యుని శిష్యుడు. 1888లో హైదరాబాదున నొక సంఘము నేర్పరచి, కుక్కలపై పరీక్షలు జరిపించి, గురువు మాటయే నిజమని ప్రకటించెను.

లండనులోని లాన్సెట్టు పత్రిక యీ ఫలితములను విశ్వసింపలేదు. అంతట ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను వేయి పౌనులొసగి, మీ మనుష్యునే పంపి పరీక్షించుకొనుడని యాహ్వానించెను. లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత వైద్యుడు వచ్చెను. 1889లో రెండవ సంఘము కూర్చుండెను. కుక్కలు, కోతులు, గుఱ్ఱములు, మేకలు, పిల్లులు, కుందేళ్లు మొదలగు నాలుగువందలకు మించిన జంతువులపై ప్రయోగములు నడచెను. గుండెకు అపాయము కలదను నమ్మకముతో వచ్చిన బ్రంటన్, పరీక్షలు ముగియునప్పటికి లారీ పక్షమున చేరెను. 1890లో లాన్సెట్టే యా నివేదికను ప్రకటించెను. ఒక దేశీయ సంస్థానపు ద్రవ్యముతో, ఆ సంస్థానపు వైద్యశాలలో జరిగిన పరిశోధనకై లండను చెవియొగ్గి వినిన ఘట్టమిది. నగరపు గొప్పను చెప్పువారు ఇచ్చట కథను నిలిపివేయుదురు.

కథ ఇచ్చట నిలువలేదు. 1893లో గాస్కెల్, షోర్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఒక జంతువు మెదడునకు వేఱొక జంతువు రక్తమును పోనిచ్చి, క్లోరోఫారము గుండెనే నేరుగా బలహీనపఱచునని చూపిరి. 1911లో గుడ్మన్ లెవీ మఱింత నిష్కర్షగా తేల్చెను. రోగి లోతైన మత్తులో గాక తేలికమత్తులో నున్నప్పుడే ముప్పు ఎక్కువ. భయోద్రేకముల వలన రక్తములోనికి వచ్చు అడ్రినలిన్ అను రసము క్లోరోఫారముతో కలసినప్పుడు గుండె కొట్టుకొనుట మాని వడవడ వణకి యాగిపోవునని పిల్లులపై నాతడు నిదర్శనముగా చూపెను. మోతాదు మించిన జంతువులలో ఊపిరియే ముందాగును. హైదరాబాదు సంఘమువారు చూచినది చాలవఱకు అదియే. వారు చూచినది అబద్ధము కాదు. చూడనిదానిని లేదనుట తప్పాయెను. ఇంగ్లీషు గ్రంథములలో కొన్ని యిచ్చటనుండియే కథను మొదలుపెట్టి, లారీని మొండిపట్టుగల మనుష్యుడుగా చిత్రించి విడిచిపెట్టును.

ఇక తటస్థుడగు చరిత్రకారుడు లారీని గూర్చి యేమి వ్రాయవలయును? ఒకరు గుండెకు హాని లేదనిరి, వేఱొకరు కలదనిరి. కావున సగము గుండెకు హాని కలదని వ్రాయుదుమా? "నేటికిని అభిప్రాయభేదములు కలవు" అని వ్రాయుదుమా? అభిప్రాయభేదము 1890లో నుండెను, నేడు లేదు. ఉన్న కాలమును, పోయిన కాలమును చెప్పక భేదమును మాత్రము చెప్పుట పాఠకుని వంచించుటయే. మత్తులో నున్నవాని శ్వాసను రెప్పవాల్చక కనిపెట్టుడన్న లారీ బోధ నిలిచినది. నాడిని చూడనక్కఱలేదన్న బోధ కూలినది. రెంటిని రెండుగా వ్రాయవలయును. ఆయన వైద్యపాఠశాలలోనే చదివి క్లోరోఫారము నిచ్చుటలో ఆరితేరి, 1909లో ఎడింబరోకు పోయి మఱింత విద్య గడించిన రూపాబాయి ఫర్దూన్జీ యను పారసీక వనిత ప్రసక్తియు ఆ చరిత్రలో నుండవలయును. ప్రపంచమున మొదటి మత్తువైద్యురాండ్రలో నామె యొకతె. లారీ దోషములను వ్రాయువారు ఆమెను మఱతురు. లారీని పొగడువారును, చిత్రముగా, ఆమెను మఱతురు.

సికిందరాబాదునకు పోవుదము. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినది అచ్చటనే. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటుచే సంక్రమించు మార్గమును పూర్తిగా చూపెను. అదే సంవత్సరమున ఇటలీలో గ్రాసీయు ఆయన సహచరులును మనుష్యుల మలేరియా అనాఫిలిస్ దోమచే వచ్చునని నిరూపించిరి. 1902లో నోబెలు బహుమానము రాసునకు మాత్రమే దక్కెను. అటుపిమ్మట జీవితాంతము రాసు గ్రాసీని దూషించుచునే యుండెను. 1923లో రాసు తన స్వీయచరిత్రను ప్రకటించెను. చదువదగిన గ్రంథమే; కాని తన వ్యాజ్యములో తానే సాక్షియైనవాని వాఙ్మూలమునకు ఎంత బరువీయవలయునో న్యాయవాదులెల్ల రెఱుగుదురు. మేమిచ్చట ఎత్తిచూపదలచినది వేఱొక మనుష్యుని. హుస్సేను ఖాను అను రోగి, దోమకొక అణా చొప్పున కూలి పుచ్చుకొని, తన దేహమును దోమలకు అప్పగించెను. ఆ దోమలలోనే రాసు క్రిమిని చూచెను. రాసు గొప్పవాడా, గ్రాసీ గొప్పవాడా యని నూఱేండ్లకు మించి తగవులాడినవారిలో హుస్సేను ఖాను తరువాత నేమయ్యెనని యడిగినవా రెందఱు?

ఇంతవఱకు పరాయివారి మాట. ఇక మనవాని సంగతి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. అమెరికాలో ఫిస్కెతో కలసి 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో జీవులన్నిటికి శక్తిమూలమైన ఏటీపీని వెల్లడించిరి. ఆ 1929లోనే జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏటీపీని వేఱుగా కనుగొనెను. 1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచ్చట ఆయన నడపిన బృందమువలన ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. బోదకాలు వ్యాధికి హెట్రజాను వచ్చెను. సిడ్నీ ఫార్బర్ 1948లో చిన్నపిల్లల రక్తపుక్యాన్సరుపై ప్రయోగించిన అమినోప్టెరిను వచ్చెను. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు గతించిరి. బోదకాలితో బాధపడు పల్లెలు గల మన దేశమునకు ఆ యొక్క మందే చాలును, ఆయన పేరు తలచుటకు.

అయినను మన పత్రికలకు, ఉపన్యాసకులకు ఇంతటితో తృప్తి లేదు. టెట్రాసైక్లిను జాతిలో మొదటిదగు ఆరియోమైసినును సుబ్బారావుగారు తామే స్వయముగా కనుగొనిరని వ్రాయుదురు. దానిని మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసినవాడు బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ పరిశోధనాలయమునకు నాయకులు సుబ్బారావుగారు. నాయకత్వము చిన్నది కాదు, దానిని దానిగానే చెప్పిన నేమి తక్కువ? నోబెలును ఆయనయొద్దనుండి దొంగిలించిరనియు వ్రాయుదురు. ఆయనకు నోబెలు రాలేదనుట సత్యము. హార్వర్డులో శాశ్వతోద్యోగము దొరకలేదనుటయు సత్యము. ఫిస్కె అసూయచే ఆయన పరిశోధనలలో కొన్నిటిని వెలుగు చూడనీయలేదని, 1988లో నోబెలు పొందిన జార్జి హిచ్చింగ్సు చెప్పియున్నాడు. ఆయన వారితో పనిచేసినవాడు గావున అది బలమైన సాక్ష్యమే. అట్టిదానిని "హిచ్చింగ్సు ఇట్లు చెప్పెను" అని వ్రాసిన యెడల ఎవ్వరును కాదనలేరు. "తెల్లవారందఱు కుట్రపన్నిరి" యని వ్రాసిన యెడల ఆ బలమైన సాక్ష్యము సయితము కేకలలో కలసిపోవును.

ఉద్యమములలో మేమును కరపత్రములు వ్రాసినవారమే. కరపత్రమునకు ఒక ధర్మము, చరిత్రకు వేఱొక ధర్మము. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు గావించిన పని ఇచ్చట స్మరింపదగినది. ఆయన తిట్టలేదు, బ్రతిమాలలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, కవితలను, కవుల వివరములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి చేతికిచ్చెను. ఆ పుస్తకము ముందు నిలిచిన తరువాత ఆరోపణకు పలికినవారు లేరు. స్వాభిమానమునకును సత్యమునకును ఎన్నడును వైరము లేదని దానివలన తెలియుచున్నది.

జీవించియున్నవారి విషయము మఱింత చిక్కైనది. ఆండ్రూ వేక్‌ఫీల్డు అను ఆంగ్లేయ వైద్యుడు 1998 ఫిబ్రవరిలో, పన్నిద్దఱు పిల్లలను పరీక్షించితినని చెప్పి, తట్టు మొదలగువానికి వేయు టీకాకును, ఆటిజమునకును సంబంధము కలదను భయము పుట్టునట్లుగా లాన్సెట్టులోనే యొక వ్యాసమును ప్రకటించెను. టీకా కంపెనీలపై దావా వేయదలచిన వకీళ్లనుండి, ప్రజాద్రవ్యముతో నడచు న్యాయసహాయనిధి ద్వారా, ఆయన నాలుగులక్షల పౌనులకు పైగా పుచ్చుకొనినట్లు బ్రయన్ డీర్ అను విలేకరి వెలికితీసెను. 2010 జనవరిలో బ్రిటిషు వైద్యమండలి విచారణసంఘము ఆయనను అవినీతిపరునిగా నిర్ణయించెను. ఫిబ్రవరిలో లాన్సెట్టు వ్యాసమును ఉపసంహరించెను. మే మాసములో వైద్యుల పట్టికనుండి ఆయన పేరు కొట్టివేయబడెను. 2011లో బ్రిటిషు మెడికల్ జర్నలు ఆ వ్యాసమును మోసమని పేర్కొనెను. ఇంతయు జరిగిన పిదప ఆంగ్ల వికీపీడియా ఆయన చరిత్రను మోసగాడు అను పదముతోనే యెత్తుకొనెను. అభిమానులు దీనిని పక్షపాతమనుచున్నారు.

ఈ యభ్యంతరములో ఏమైన సారము కలదా? తీర్పులో నేరమను మాట తుదకు వచ్చును. ముందుగా ఆరోపణ, పిమ్మట సాక్ష్యము, పిమ్మట తర్కము, కడపట నిర్ణయము. కాని అచ్చువేసిన లారిపోర్టులలో ప్రతి తీర్పునకు తలమీద హెడ్‌నోటు ఉండును. తీర్పంతయు చదువ తీరిక లేనివాడు దానిని చూచి నిర్ణయమును గ్రహించును. జీవితచరిత్రలోని మొదటి వాక్యము హెడ్‌నోటు వంటిది. బిడ్డను చంకనెత్తుకొని టీకాకేంద్రము వాకిట నిలిచిన తల్లి ఆ యొక్క వాక్యమే చదువును. అచ్చట "వివాదాస్పదుడు" అను మెత్తని మాట వ్రాసి, నిర్ణయమును ముప్పదవ పేరాలో దాచుట తటస్థత కాదు, దాపఱికము. అయితే మాకొక కోరిక కలదు. తిట్టుమాట కంటె నిర్ణయమును నిర్ణయముగానే చెప్పుట మేలు. ఎవ్వరు నిర్ణయించిరి, ఎప్పుడు నిర్ణయించిరి, ఏ శిక్ష వేసిరి యని యొక్క వాక్యములో చెప్పిన యెడల, మోసగాడను పదము చేయు పని యంతయు అదియే చేయును. కాదనదలచినవాడు ఆ విచారణను కాదనవలసి వచ్చును. మన చట్టము ప్రకారమును ఇదియే క్షేమమార్గము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 356వ విభాగములో, ప్రజాహితముకొఱకు సత్యమును ప్రకటించుట పరువునష్టము కాదని మినహాయింపు కలదు. సత్యమును నిరూపింపవలసిన భారము మాత్రము వ్రాసినవానిదే.

ఒకే మనుష్యునియందు మంచి పరిశోధనయు, ఘోరమైన తప్పును ఉండవచ్చును. పీటర్ డ్యూస్‌బర్గ్ 1970లో క్యాన్సరును పుట్టించు వైరసుజన్యువును గూర్చి చేసిన పని నేటికిని గౌరవింపబడుచున్నది. 1987 నుండి ఆయన ఎయిడ్సునకు హెచ్.ఐ.వి. కారణము కాదని వాదించెను. 2000లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు ఎంబెకి కూర్చిన సలహాసంఘములో ఆయనయు ఉండెను. ఆ దేశములో మందులీయక జాగుచేసినందువలన 3,30,000కు మించిన ప్రాణములు పోయినవని 2008లో హార్వర్డువారు లెక్కకట్టిరి. మొదటి ఖ్యాతిని చూపి రెండవదానిని మాపుట తగదు. రెండవదానిని చూపి మొదటిది జరుగలేదనుటయు తగదు. కాని రెండును సమానమను భ్రమ కలిగించునట్లు తక్కెడలో నిలుపరాదు.

మన వైద్యము, పరాయి వైద్యము అను భేదమునుబట్టియు ఈ తగవు మన న్యాయస్థానములకు ఎక్కినది. ఆయుర్వేదమును వికీపీడియా మిథ్యాశాస్త్రమని వ్రాసినదని ఆయుర్వేదౌషధ నిర్మాతల సంఘ మొకటి సుప్రీంకోర్టును ఆశ్రయించెను. 2022 అక్టోబరులో కోర్టువారు ఆ పిటిషనును త్రోసిపుచ్చి, కావలసిన మీరే దిద్దుకొనవచ్చును గదా యనిరి. మాకు ఈ యుత్తరువు సమంజసముగా తోచినది. ఆయుర్వేదముపై గౌరవము గలవారు చేయవలసిన పని, ఏ మూలిక ఏ రోగముపై ఏ పరీక్షలో నిలిచినదో చూపుట. పేరును మార్పించుటకై దావా వేసిన వస్తువునకు గుణము పెరుగదు.

2021 మే మాసములో నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్యగారి కరోనా మందుకొఱకు జనము విరుగబడినప్పుడును ఇట్టి గందరగోళమే. ఆ మందువలన హాని లేదన్న నివేదికపై, కంటిలో వేయు చుక్కలు తప్ప తక్కినవానికి ప్రభుత్వము అనుమతి నిచ్చెను. హాని లేదనుట వేఱు, రోగము కుదురుననుట వేఱు. కుదురునని యా నివేదిక చెప్పలేదు. ఈ రెండు మాటల నడుమనున్న యంతరమును అప్పటి శీర్షికలలో వెదకినను కనబడుట అరుదు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము. సివిలు దావాలో ఆవశ్యకుడైన కక్షిదారుని చేర్చనియెడల ఆ దావా నిలువదు. వైద్యపరిశోధకుల చరిత్రలపై జరుగు తగవులన్నిటిలో పరిశోధకుని అభిమానులు వాదులు, విమర్శకులు ప్రతివాదులు. ఆవశ్యక కక్షిదారుడగు రోగి మాత్రము రికార్డులోనే లేడు. హుస్సేను ఖాను లేడు. వేక్‌ఫీల్డు చరిత్రలో ఆ పన్నిద్దఱు పిల్లలకు అవసరము లేని కష్టమైన పరీక్షలు చేయబడినవని విచారణసంఘము చెప్పినది. దానినిగూర్చి ఇరుపక్షములవారును పెద్దగా పలుకరు.

మన రాష్ట్రమునుండియే యొక దృష్టాంతము. 2009 జూలైలో, నాటి ఆంధ్రప్రదేశమున, ఖమ్మము జిల్లాలో గర్భాశయముఖ క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాను పదునుండి పదునాలుగేండ్ల వయసుగల బాలికలకు వేయు పథకము మొదలయ్యెను. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్యపరిశోధనామండలియు, రాష్ట్రప్రభుత్వమును కలసి నడపిన పథకమది. భద్రాచలము మొదలగు మండలములలో గిరిజన బాలికలు పెక్కుమంది హాస్టళ్లలో నుండి టీకా వేయించుకొనిరి. కొందఱు బాలికలు మరణించిన వార్తలు రాగా 2010 ఏప్రిలులో పథకము నిలుపబడెను. విచారణసంఘము ఆ మరణములకు టీకా కారణము కాదని తేల్చెను. ఆ సంఘమే, సమ్మతిపత్రములపై తలిదండ్రులకు బదులు వార్డెన్లును ప్రధానోపాధ్యాయులును సంతకములు చేసిరనియు తేల్చెను. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము ఈ వ్యవహారమును తీవ్రముగా గర్హించెను.

ఈ కథను టీకాల విరోధులు చెప్పినప్పుడు మరణములు మాత్రము వినబడును. టీకా కారణము కాదన్న మాట వినబడదు. టీకాల పక్షమువారు చెప్పినప్పుడు టీకా నిర్దోషి యన్న మాట వినబడును. వార్డెన్ల సంతకములు వినబడవు. టీకా మంచిదే, ఆ క్యాన్సరును అది తగ్గించునని తరువాతి యేండ్లలో పెక్కుదేశముల యనుభవము చూపినది. ఆ బాలికల తలిదండ్రులకు జరిగినది అన్యాయమే. మంచి టీకా యగుటచేత ఆ యన్యాయము న్యాయము కానేరదు. ఈ రెండు వాక్యములును ఒకే పేరాలో ప్రక్కప్రక్కనే నిలుచునట్లు వ్రాయగలవాడు మాకు తటస్థుడు. రెంటిలో నొకదానిని విడిచినవాడు ఎంత మృదువుగా వ్రాసినను పక్షపాతియే.

ఇందువలన కలుగు నష్టము పుస్తకములకు మాత్రమే పరిమితము కాదు. 2017 ఆగస్టులో తెలంగాణమున తట్టు, రుబెల్లా టీకాలను పిల్లలకు వేసినప్పుడు పాఠశాలల వాకిళ్లలో తలిదండ్రుల సంశయములకు సమాధానము చెప్పవలసినవారు ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు. లండనులో 1998లో అచ్చై, 2010లో ఉపసంహరింపబడిన కాగితము నీడ అంతదూరము వ్యాపించినది. ఆ కాగితము పుట్టుపూర్వోత్తరములు తెలుగులో సూటిగా, తిట్టులేక, తేదీలతో వ్రాసియున్న యెడల ఆశా కార్యకర్త చేతిలో నొక ఆయుధముండెడిది.

మొయినాబాదు మండలములోను, చేవెళ్లలోను నేడు వైద్యకళాశాలలు వెలసినవి. గండిపేట చెఱువు గట్టుననుండి బీజాపూరు బాటవెంట చేవెళ్ల వఱకు పోయినయెడల తెల్లకోటులు ధరించిన యువతీయువకులు ఎందఱో కనబడుదురు. వారిలో తెలుగు చక్కగా వ్రాయగలవారు లేకపోలేదు. పఠనమందిరములవారు వారిని పిలిచి, వారమునకొక సాయంకాలము, ఒక్కొక్క వైద్యపరిశోధకుని చరిత్రను ముందిడుకొని కూర్చుండుట కష్టమైన పని కాదు. వైద్యవిద్యార్థి పరిశోధనను పరీక్షించును. వకీలు సాక్ష్యమును పరీక్షించును. ఉపాధ్యాయుడు భాషను దిద్దును. ప్రతి వాక్యమునకు ఎదురుగా "ఎవ్వరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, రోగికి ఏమయ్యెను" అను మూడు ప్రశ్నలు వ్రాసుకొనిన చాలును. సమాధానము లేని వాక్యమును కొట్టివేయవలయును, అది మనవానిని పొగడు వాక్యమైనను సరియే.

మొట్టమొదట లారీ చరిత్రను చేపట్టవలసినదిగా మేము సూచించుచున్నాము. ఆయన అభిమానులును, విరోధులును నేడు సజీవులుగా లేరు గావున కోపతాపములు తక్కువ. హైదరాబాదు సంఘముల నివేదికలు అచ్చులో నున్నవి. ఆయన పనిచేసిన పాఠశాల 1920లో ఉస్మానియా వైద్యకళాశాలయై నేటికిని నడచుచున్నది. ఆ కళాశాలలోను, అఫ్జల్‌గంజు వైద్యశాలలోను పూర్వము పనిచేసిన కుటుంబముల వారియొద్ద ఆ కాలపు ఉర్దూ, ఇంగ్లీషు కాగితము లేవైన నున్నయెడల, వానిని పఠనమందిరములవారికి చూపి నకళ్లు తీయనీయవలసినదిగా ప్రార్థించుచున్నాము.